బూడిద ఏటి జాడీ

ఇల్మొరాలో పండగ ఎప్పుడో పంచాంగం చెప్పదు,
పూలు చెబుతాయి.
మంచు కరిగిన రాత్రి నుంచి
సోర్న్ కొండ మీది గంటెపూలు
వేళ్లు పీక్కుని, మట్టి దులుపుకుని
ఊరివైపు నడక మొదలెడతాయి.
రాత్రికి మూరెడు. అంతకు మించి కాదు.
పగలు వెళ్లి చూస్తే
ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటాయి, దొంగమొహాలు.
కొలతల గుమాస్తా హవ్రెల్ రోజూ పొద్దున్నే
ముడులేసిన తాడు భుజాన వేసుకుని కొండెక్కుతాడు.
మొదటి పువ్వు మొదటి గడప తాకిన రోజే
జాడీలు తెరిచే రోజు.

నేను కప్పులు కడిగేదాన్ని.
ముప్పై ఒక్క పండగలు కడిగాను.
వైను సంగతి నా నాలుక్కి తెలిసింది తక్కువ,
వేళ్లకి తెలిసింది ఎక్కువ.
మంచి ఏడు గోళ్ల కింద వారం ఉంటుంది.
వానలెక్కువైన ఏడు ఒక్క తోముకే పోతుంది.
పెళ్లిళ్ల ఏడైతే కప్పు అంచున పెదాల రంగు,
అది వదలాలంటే బూడిద కావాలి.
మా ఊళ్లో బూడిదకేం కొరత లేదు.

ఇక్కడొక కట్టుబాటు ఉంది.
ఏ ఏటి వైను ఆ ఏడు పుట్టిన పిల్లలది.
పన్నెండు నిండిన పండక్కి
తొలి గుక్క వాళ్లకే.
ఆ తర్వాతే ఊరిపెద్ద, ఆ తర్వాతే తాగుబోతులు.
కొన్నేళ్లు ఆ ఇద్దరూ ఒకరే.

ఈసారి వంతు బూడిద ఏటిది.

ఆ ఏడు కొండ దగ్గింది.
మూడు నెలలు ఆకాశం పొయ్యి లోపలిలా ఉంది.
పూలు సగం వాలులో ఆగిపోయాయి,
ముందుకు రాలేక, వెనక్కి పోలేక
నిలుచున్న చోటే నల్లబడ్డాయి.
తీగకి ఒక్క గుత్తి లేదు.
అయినా జాడీ లేని ఏడు ఉండకూడదట, చట్టం.
ముసలి పెజ్రూన్ చూరు కింద కారిన వాన పట్టి
జాడీలో పోసి, మైనం పూసి,
ఏ పువ్వు ముద్ర వెయ్యాలో తోచక
తన బొటనవేలు గుద్దాడు.

ఆ ఏడు ఊళ్లో పుట్టింది ఒక్కతే:
వంతెన సుంకం వసూలు చేసే తెల్గార్ కూతురు, దువేనా.
బడిలో దాన్ని నీళ్లపిల్ల అనేవాళ్లు.

మొన్న మొదటి పువ్వు వచ్చి
కసాయి ఓమ్రిక్ గడప తాకింది.
పాపం, కత్తులన్నీ దాచి,
చేతులు మూడుసార్లు కడుక్కుని
దానికి నీళ్లు పోశాడు.

సాయంత్రానికి సంతవీధి నిండిపోయింది.
పన్నెండేళ్లలో ఆ నీళ్లు వైనయ్యుంటాయని
సగం మంది పందెం కాశారు.
పూలు నడిచే దేశంలో ఇదొక లెక్కా?
దువేనా సుత్తి అందుకోలేదు.
బొటనవేలి గుర్తు చెడకుండా
గోటితో మైనం చుట్టూ గీరి
ఆ బిళ్లని జేబులో వేసుకుంది.
తర్వాత తాగింది.
ఊరంతా ఆ పిల్ల గొంతు వైపే చూసింది.

"నీళ్లే," అంది.
కాస్త ఆగి, "చల్లగా ఉన్నాయి," అంది.
మళ్లీ కప్పు చాచింది.

పందెం కాసినవాళ్లు గొణిగారు.
హవ్రెల్ తాడు కింద పెట్టి వరసలో నిలబడ్డాడు.
వాడి వెనక ఓమ్రిక్.
ఆ ఏడు బండ్లు కట్టకుండా ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు,
తడిగుడ్డ మొహానికి కట్టుకుని
తమవాళ్లని పూడ్చుకున్నవాళ్లు
ఒక్కొక్కరే వచ్చారు.
ఎవరూ పాడలేదు.
ఓమ్రిక్ ఒక గుక్క తాగి
"మా పాతింటి పెంకు వాసన," అన్నాడు,
కప్పు ఇంకా మూతి దగ్గరే పెట్టుకుని.

అర్ధరాత్రికి నా ముందు
రెండువందల పద్నాలుగు కప్పులు.
మరక లేదు, రంగు లేదు, జిడ్డు లేదు.
బోర్లించేస్తే సరిపోయేది.
అన్నీ కడిగాను, ఒక్కొక్కటీ రెండుసార్లు.
ఒకదాని అడుగున ఆవగింజంత నలుసు కనబడింది.
దాన్ని మాత్రం తోమలేదు.

కూలి అంటారా,
పూర్తిగానే అడిగి తీసుకున్నాను.