తిరిగొచ్చిన లోడు

తెల్లారగట్ల నాలుగున్నరకి
పెద్ద జెట్టు కడుపు విప్పి, ఖాళీ చేసి పోతుంది.
అందులోంచి మా వాటా
ఒక బండెడు.

బిల్లింగ్స్‌లో మా కంపెనీకి విమానాలు మూడు,
ఒక్కోదానికి ఇంజను ఒక్కటే.
తోకమీద పేరు వెలిసిపోయి
మొదటి అక్షరం కనపడదు.
ఓనరు దిద్దించడు, రంగుకీ బరువుంటుందట.

నా పని తూకం.
ఏ పెట్టె ముందుకి, ఏది తోకవైపుకి,
కాగితం మీద లెక్క కుదిరాకే
మారిట్ హోఫ్‌స్టాడ్ సంతకం పెడుతుంది.
ఆవిడ తూకమూ రాయాలి:
బూట్లతో, ఫ్లాస్కుతో, నూట అరవై రెండు పౌన్లు.
చలికోటుకి ఆరు కలుపుతాను.
ఒకసారి అయిదే కలిపితే
"మొహమాటపడకు, నిజం రాయి" అంది.

ఇవాళ్టి లోడు:
ట్రాక్టరు సీళ్లు, ఇన్సులిన్,
దంతాల డాక్టరుకి ఏవో అచ్చులు,
ఒక పెళ్లిగౌను, పెట్టె ఎంతో పెద్దది, బరువే లేదు,
నైట్రోజన్ చలిలో నిద్రపోతున్న ఆబోతు వీర్యం,
ఇంకా వలపెట్టెల్లో తేనెటీగలు,
మూడేసి పౌన్లవి నాలుగు.
వాటిని ఎత్తేటప్పుడు ఎమ్మెట్ ఊపిరి బిగబడతాడు.
పదేళ్లలో ఒక్కటీ కుట్టలేదు, అయినా.

అయిదూ నలభైకి లేచింది.
దాని ఎర్రదీపం
మబ్బులో అగ్గిపుల్లలా గీసుకుని ఆరిపోయింది.

ఏప్రిల్ మంచుని నమ్మకూడదు.
జనవరి మంచు మొహంమీదే కొడుతుంది,
ఇది తడిగా వచ్చి కూచుంటుంది.
ఆరూ ఇరవైకి రేడియోలో ఆవిడ గొంతు,
పక్కగదిలోంచి ఉప్పు అడిగినట్టు:
"ముందంతా మూసుకుపోయింది. వెనక్కి వస్తున్నా."

దిగాక చూస్తే
రెక్క అంచంతా వేలెడు మంచు.
ఎమ్మెట్ గోటితో గీకి చూశాడు.
ఎవరం ఏమీ అనలేదు.
మారిట్ ఫ్లాస్కు మూత తిప్పబోతే
రెండుసార్లు జారింది.

ఎక్కించిన చేతులతోనే దించాం.
దించేటప్పుడు తూకం అక్కర్లేదు.

ఎనిమిదిన్నర నుంచి ఫోన్లు.
దంతాల డాక్టరు అరిచాడు.
పెళ్లికూతురి తల్లి అరవలేదు, అదే కష్టం.
ఇన్సులిన్ తీసుకుని ఎమ్మెట్ తమ్ముడు
పికప్ ట్రక్కులో బయల్దేరాడు,
నూట ఎనభై మైళ్లు, వైపర్లు ఆపకుండా.

తొమ్మిదికి లేలండ్ స్కార్ అని ఒకాయన,
కార్వర్ క్రాసింగ్ ఇవతల పశువులున్న మనిషి.
మా లోడులో ఆయనది ఏమీ లేదు.
ఎప్పుడూ లేదు, పుస్తకం మొత్తం తిరగేశాను.
"ఆరూ యాభైకి మీ చప్పుడు వినపడితే
నా ఆవులు మేత తొట్టి దగ్గరికి నడిచొస్తాయి.
ఇవాళ కంచె దగ్గరే నిలబడిపోయాయి.
నేను పిలిస్తే లెక్కచెయ్యవు.
ఆ నడిపే మనిషి కులాసాయేనా?"

కులాసాయే అన్నాను.
బూట్లు విప్పకుండా సోఫాలో పడుకుందన్నాను.
"సరే. ఆవులకి చెప్తాను" అని
పెట్టేశాడు.

హీటరు గదిలో ఆ సోఫా పక్కనే తేనెటీగలు.
గదంతా ఒకటే రొద,
ఎక్కడో దూరంగా
ఇంజను వెళ్తూనే ఉన్నట్టు.

రెండింటికి మంచు విడిచింది.
కొత్త కాగితం తీశాను.
వలపెట్టెలు మళ్లీ తూస్తే
నాలుగూ కలిపి ఔన్సు తక్కువ.
ఎమ్మెట్ చెవిలోంచి పెన్సిలు తీసి
"బెంగ" అన్నాడు.

ఎండొచ్చింది కదా, కోటు వద్దంది మారిట్.
చేతిలో మాత్రం పట్టుకునే ఉంది.
ఆరు కలిపాను.