రుమాలు కింద బేరం

ధర్మాబాద్ మిర్చి యార్డులో
ఫిబ్రవరి పొద్దుటికల్లా గాలి కూడా ఎర్రబడుతుందంటారు.
పడుతుందేమో.
నాకు తెలిసింది తుమ్ములే.

రైల్వే కొలువుకని నాందేడ్ పోతే
డాక్టర్ ముఖేడ్కర్ చుక్కల పుస్తకం తెరిచి
"ఇందులో అంకె ఎంత?" అన్నాడు.
చుక్కల్లో చుక్కలే ఉన్నాయి.
పేజీ తిప్పాడు. మళ్లీ చుక్కలే.
నాలుగో పేజీకి ఆయన గొంతు మెత్తబడింది.
కొలువు పోయిందని అప్పుడే తెలిసింది.

మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు.
కంటి అడుగున తడిసిన కాగితమంత పొర,
అందులో మసక వెలుతురుకు పన్నెండు కోట్ల కడ్డీలు,
రంగులకు అరవై లక్షల శంకువులు.
వెలుగు ముందు నరాల చిక్కులన్నీ దాటి
వెనక గోడదాకా పోతేగాని వాటిని కలవదట.
"కట్టినవాడు వాకిలి పెరటివైపు పెట్టాడు"
అని ఆయనే నవ్వాడు.

ఇంకో వింత.
చీకట్లో ఆ కణాలు ఊరుకోవట,
వాగుతూనే ఉంటాయి.
వెలుగు పడితే నోరు మూస్తాయి.
చూపంటే
ఆ మౌనాన్ని ఎవరో లెక్కపెట్టడం.

తిరుగు రైల్లో చీటీ మడతలు విప్పి చూస్తుంటే
నాకది మా తాతల నాటి బేరంలా కనిపించింది:
సేటూ రైతూ రుమాలు కింద చేతులు దూర్చి
పైకి వానల గురించి మాట్లాడుతూ
వేళ్లతో ధర నొక్కుకునేవాళ్లు.
ఎర్ర శంకువు తన ధర చెప్పదు,
పచ్చదానికన్నా ఎంత ఎక్కువో అంతే చెబుతుంది.
మధ్యలో అడ్డుకణం మోచేత్తో పొడుస్తుంది,
"నువ్వు కాస్త తగ్గు" అని.
నీలం వాళ్లు కొద్దిమంది, ఎడంగా కూర్చుంటారు,
వాళ్ల పేచీ ఎప్పుడూ పసుపుతోనే.
బేరం తెగాక
ఒక్క వేలి నొక్కు నరం పట్టుకుని పైకి పోతుంది.
దానికే మనం ఎరుపని పేరు పెట్టుకున్నాం.

నా రుమాలు కింద మాత్రం
రెండు చేతులూ ఒకడివే.

యార్డు గోడమీద కోతి
రాశిలోంచి పండుకాయ ఎంచి మరీ లాక్కుపోయింది,
కొరికింది, మండి, నావైపు చూసి ఉమ్మింది.
ఆకుల్లో పండు కోసం వెనకటి కోతులు
సంపాదించుకున్న ఆస్తి అట ఈ ఎరుపు.
దాని వాటా దానికి అందింది.
మంట మాత్రం ఇద్దరికీ సమానం.

మా అమ్మ లస్మవ్వకు విషయం చెప్పాను.
చేటలో కాయలు ఆగిపోయాయి.
"నా దిక్కుకెల్లి వచ్చిందా బిడ్డా?"
అవునన్నాను. అబద్ధం తోచలేదు.
చాలాసేపటికి అంది:
"మా నాయిన నా పెండ్లికి ఎర్రచీర అని
కాపీరంగు చీర తెచ్చిండు.
అందరు నవ్విన్రు.
నేను అదే కట్టుకున్న."

సాయంత్రం ఆరున్నరకు కరెంటు పోయింది.
ఏరుతున్న చెల్లెలు అంజూబాయి చేతులెత్తేసింది,
"కాయలు నల్లగైనయ్, నాకు కానస్తలేవు."
మసకలో ముందు ఆరిపోయేది ఎరుపే,
సంచుల నీలం ఇంకా మిణుకుమంటూనే ఉంటుంది.
శంకువులు దుకాణం కట్టేస్తే
కడ్డీలు నిద్రలేచే వేళ.
వాళ్లకు రంగుల గొడవ పట్టదు.

నేను తూకం వదిలి రాశి ముందు కూర్చున్నాను.
నిగనిగలాడే తోలు, మెరుపు చచ్చిన తోలు,
తొడిమ దగ్గర బూజు, తేమకు ముడుచుకున్న కొస,
ఇవన్నీ పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే.
ఎవరూ అడగలేదు.
చెయ్యి ఆగకుండా పోయింది.

కరెంటు వచ్చింది.
అంజూబాయి నా కుప్పను కెలికి, వేళ్లమీద లెక్కపెట్టి
"మూడు తప్పు" అంది.
"మూడేనా?" అంది అమ్మ.

ఏ మూడో చూపించలేదు.
నేనూ అడగలేదు.