నజిబ్రోలా చూసిన సినిమాలు

మొదలు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.
ముప్ఫై ఏళ్ళు, కుతాయిసీలో, రియోనీ నది ఒడ్డున,
సినిమా హాలు తలుపులు తీసే కొలువు.
ఆట ముగియడానికి పది నిమిషాల ముందు
చీపురు చంకన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని
గుమ్మం తెర పక్కకు జరిపి లోపలికొచ్చేది.

అందుకే ఆమె చూసిన రైళ్ళన్నీ వెళ్ళిపోయేవే.
ఆమెకు తెలిసిన ముద్దులన్నీ ఆఖరివే.
గుర్రం ఒంటరిగా ఎందుకు తిరిగొచ్చిందో,
నీళ్ళ మీద తేలుతున్న టోపీ ఎవరిదో
ఎన్నడూ ఎవర్నీ అడగలేదు.
"పోనీ, ఒక్కటైనా మొదట్నుంచీ చూడరాదూ?" అని మా నాన్నంటే
"ఏడవటానికి కారణం కూడా కావాలా, వార్లామ్?" అనేది,
పొద్దుతిరుగుడు గింజల పొట్టు
కాళ్ళ కింద పటపటమంటుంటే.

మా నాన్న ప్రొజెక్టర్ ఆపరేటర్.
నాకు పదకొండేళ్ళు. రీళ్ళు మోసేదాన్ని.

ఆ చలికాలం కరెంటుకి మాట మీద నిలకడ లేదు.
తెల్లారగట్ల రొట్టె కోసం వరస,
మధ్యాహ్నం కిరోసిన్ కోసం వరస,
సాయంత్రం, కోట్లు విప్పకుండానే, సినిమాకు వరస.
టికెట్టుకు డబ్బుల్లేనివాళ్ళు
హాల్లో పొయ్యికి ఓ కట్టె తెచ్చేవాళ్ళు.
ఉన్నది ఒకటే సినిమా. కొత్తది తెచ్చే లారీకి దారి లేదు.
అందులో ఒకామె, స్టేషన్లో, ఒళ్ళో సంచీతో
ఎవరికోసమో కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటుంది.
తొమ్మిదీ ఇరవైకి, సరిగ్గా ఆమె తల తిప్పబోయే వేళకి,
ఊరు ఊరంతా ఆరిపోయేది.

మొదటి రాత్రి తిట్టుకుంటూ ఇళ్ళకు పోయారు.
రెండో రాత్రి చీకట్లోంచి ఎవరో అరిచారు:
"నజిబ్రోలా, నువ్వు చెప్పు. ముగింపులు నీకేగా తెలుసు!"

ఆ ముగింపు ఆమె చూడలేదు.
నాన్నా చూడలేదు. రీలు దీపానికి అడ్డం పట్టి
చూడొచ్చు. చూడలేదు.

కిరోసిన్ దీపం పైకెత్తింది.
తెర వైపు కాదు, మా వైపు.
మూడో వరసలో ఎతేరీ.
సముద్రం వైపు యుద్ధానికి వెళ్ళిన కొడుకు దగ్గర్నుంచి
సెప్టెంబరు తర్వాత ఉత్తరం ముక్క లేదు.
వెలుగు ఆమె మొహం మీద కాసేపు నిలిచింది.

"వస్తాడు," అంది నజిబ్రోలా.
"ఆలస్యంగా వస్తాడు. రైల్లో కాదు, పట్టాల వెంట నడిచి.
టోపీ మీద మంచు. ఒక కాలికే బూటు.
ఆమె ఏమీ అనదు. సంచీలోంచి రొట్టె తీసి విరుస్తుంది."
కాస్త ఆగింది.
"పెద్ద సగం అతనికి."

ఆ పెద్ద సగం దగ్గర ఎవరో వెక్కారు.
నేనిప్పటికీ, ఏ దేశం సినిమా చూస్తున్నా,
ఆఖర్న ఎవరైనా రొట్టె విరుస్తారేమోనని చూస్తుంటాను.

మర్నాడు అదే బొమ్మ, అదే జనం.
ఒక రాత్రి వచ్చినవాడు అన్న.
ఒక రాత్రి మొగుడు, తాగి, పాడుకుంటూ.
ఒక రాత్రి మనిషి రాలేదు, ఉత్తరం వచ్చింది.
దీపం ఎవరి మీద ఆగితే ఆ రాత్రి వాళ్ళది.
"ఇవాళ నీ మీదకి తిప్పుకో," అన్నాడు ఒక పిల్లాడు.
"నూనె అయిపోతోంది," అంది, వత్తి తగ్గించి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కరెంటు పోలేదు.
తొమ్మిదీ ఇరవై. ఇరవై ఒకటి.
నాన్న నా వైపు చూశాడు. చెయ్యి స్విచ్చి మీదే ఉంది.
నొక్కలేకపోయాడు.

తెర మీద ఆమె తల తిప్పింది.
ఖాళీ ప్లాట్‌ఫారం. గడియారం. ఒక కుక్క.
సంచీ బెంచీ కిందే వదిలేసి వెళ్ళిపోయింది.
తెల్లటి అక్షరాలు పైకి పాకాయి.

ఒక్కరూ లేవలేదు.
పొయ్యిలో కట్టె చిటపటలాడింది.
చాలాసేపటికి ముసలి ఇపోలితే గొంతు సవరించుకుని
"యంత్రం పొరబడింది," అన్నాడు.
అవునవునన్నారు జనం. ఎతేరీ కూడా.
ఆపరేటర్ గది కిటికీలోంచి తల బయటపెట్టి, మా నాన్న,
జీవితంలో ఒక్క రీలూ తప్పు ఎక్కించని మా నాన్న,
"నాదే తప్పు, వేరే సినిమా ముక్క కలిసిపోయింది," అని ఒప్పేసుకున్నాడు.

నజిబ్రోలా చీపురు గోడకి ఆనించి
దీపం వెలిగించింది,
కరెంటు ఉండగానే.