ఉప్పు చూడని శుక్రవారం

శ్రమకాలంలో నాలుగో శుక్రవారం.
తలకి కొబ్బరినూనె రాసుకున్నాను, నున్నగా దువ్వుకున్నాను.
ఉపవాసమున్న ముఖం ఊరికి తెలియకూడదని
మా అయ్యగారు పుల్పిట్టు మీంచి చెప్పిన మాట.
చెప్పకపోయినా గుణుపురంలో ఎవరికి తెలీదు?
టీకొట్టు నరసింగ బెహరా ఈవేళ కేకేసి పిలవడు,
గ్లాసు బోర్లించి నవ్వుతాడంతే.

వంశధార మీంచి గాలి, ఇప్పపూల వాసనతో.
బడి వెనక రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు,
నూట పన్నెండు మంది గుంటలు.
వాళ్ళకి అన్నం, డాల్మా వండడం నా ఉద్యోగం.
వండి తినకపోవడం నా భక్తి.

పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, కందిపప్పు,
చివర్న ఎండుమిరపకాయ, జీలకర్ర పోపు.
పోపు పడిన వాసనకి
కట్టేసిన దూడలా కడుపు గుంజ లాగుతుంది.
ఉండవే, అంటాను. సాయంత్రం ఆరు దాకా ఉండు.

ప్రతి శుక్రవారం ఉప్పు చూసేది మాలతి నాని.
ఈవేళ ఆవిడ కొడుక్కి జ్వరం, రాలేదు.
కంటితో చూశాను, చేత్తో కొలిచాను,
డబ్బాలో చెయ్యి పెట్టానో లేదో
హెడ్మాస్టరు బియ్యం లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చాడు.

ఇలాంటప్పుడు మా అమ్మ గుర్తొస్తుంది.
ఆషాఢంలో, గాదెలో గింజ లేని నెలల్లో
మామిడి టెంకలు కొట్టి, ఏట్లో నానేసి, చేదు విరిచి
అంబలి కాసేది.
మాకు పోసేసి, ఖాళీ కుండ అడుగు గరిటెతో గీకేది.
ఆ చప్పుడే తను తిన్నట్టు.
"నాకు ఆకలి నేదే," అనేది.
ఆ ఉపవాసానికి వారం లేదు, ముగింపు ప్రార్థన లేదు.
ఏ సంఘమూ దాన్ని రాసుకోలేదు.
నాది రాసుకుంటారు. సాక్ష్యం చెప్పమంటారు.
ఎవరి ఆకలి ముందు చేరిందో ఆయన్నే అడగాలి.
అడగడానికి భయం.

గంట కొట్టారు. పళ్ళేల చప్పుడు.
సవర, ఒడియా, తెలుగు, మూడు భాషలూ
అన్నం ముందు ఒక్కసారే నోరు మూశాయి.

ఇస్సాకు రయితా, రెండో తరగతి, పళ్ళెం పక్కకి జరిపాడు.
"ఏటిరా?"
"నానూ ఉపోసం," అన్నాడు. "నువ్వు తినవు కదా."
వాడి మెడ దగ్గర ఎముకలు రెండూ
చొక్కా తగిలించిన కొయ్యల్లా ఉన్నాయి.

ఏం చెప్పను వాడికి?
మానడానికి ముందు ఉండాలిరా, అని చెప్పనా?
నోట్లో మాటలు తయారవుతున్నాయి, అయ్యగారి గొంతుతో.
మింగేశాను.
వాడి పక్కన గచ్చు మీద కూలబడ్డాను.
వాడి పళ్ళెంలోంచే ముద్ద కలిపి ముందు నేను తిన్నాను,
మధ్యాహ్నం ఒంటిగంటా పదికి.

ఉప్పు లేదు.

చిటికెడు కూడా లేదు.
తలెత్తి చూశాను. నూట పదకొండు పళ్ళేలు
అప్పటికే సగం ఖాళీ.
ఒక్క గుంటడు అనలేదు. ఒక్క పిల్ల మొహం చిట్లించలేదు.
రెండోసారి పెట్టమని
వరసలో నించున్నవాళ్ళు కూడా ఉన్నారు.

డబ్బా పట్టుకుని వరసంతా తిరిగాను,
చేతులు వణుకుతుంటే, ఒక్కో పళ్ళేనికీ ఇంత.
ఇస్సాకు తిన్నాడు. "ఇప్పుడు బాగుంది," అన్నాడు.
అప్పుడు గానీ అనలేదు చూడండి.

సాయంత్రం ప్రార్థనకి వెళ్ళాను.
పిడికెడు బియ్యం డబ్బాలో పోసి, వెనక చాప మీద కూర్చున్నాను.
ఉపవాసమున్నవాళ్ళు ముందుకి రండి అంటే
లేవలేదు.
ఎస్తేరు పిన్ని తిరిగి చూసింది. చూడనీ.
మధ్యాహ్నం నుంచి కడుపులో ఒక చప్పిడి ముద్ద.
ప్రార్థించింది అదో, నేనో.

వచ్చే శుక్రవారం కూడా నూనె రాసుకుంటాను, తిండి మానేస్తాను.
కానీ డాల్మా దించే ముందు
అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని నాకుతాను.
అది లెక్కలోకి వస్తుందా అని
ఎవర్నీ అడగను.