చుట్టుగుంటలో అరువు

చుట్టుగుంట మలుపులో మా కొట్టు.
యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
ముందు తుమ్మొస్తుంది, తర్వాత బేరం.

తుమ్ముల్ని బట్టే చెప్పేవాడు మా నాన్న:
"సరుకు దండిగా దిగిందిరా ఇవాళ,
అరువు జాగ్రత్త."
సరుకు దిగితే ధర దిగుతుందని
ఏ బడిలో చదివాడో, మూడో తరగతి మనిషి.

తేజ క్వింటా ఇరవై వేలు దాటిన ఏడు
హమాలీ సైదులు కూతురికి వెండి పట్టీలు కొన్నాడు,
నా బాకీ ఒక్క గీతతో కొట్టేయించాడు.
ఈ ఏడు పదకొండు.
చైనావాడు కొనట్లేదంట.
వాడి మొహం నేనెరగను గానీ
వాడు వద్దన్న మిరపకాయ
నా కొట్లో అమ్ముడుపోని కందిపప్పై కూచుంది.

మస్తాన్‌బీ తొడిమలు తీస్తుంది.
నలభై ఏళ్ళ ఘాటు
ఆమె వేళ్ళ మీది గీతలు తినేసింది.
ఒకటో తారీకు పొద్దున్నే
పింఛను మిషను ఆమెని గుర్తుపట్టదు.
కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్ళీ నొక్కి...
సచివాలయం కుర్రాడు విసుక్కోడు,
ఆ బొటనవేలిని తన చొక్కాకే రుద్దుతాడు.
అయిదోసారికి పచ్చదీపం.

ఆ నోట్లు పదింటికల్లా నా బల్ల మీద.
పాత బాకీ ఆరొందలు,
బీపీ బిళ్ళలకి పక్కన పెట్టుకునేది రెండొందలు,
మనవడికో బిస్కెట్ ప్యాకెట్టు, లెక్కలో రాయనిది.

ఉచితాలతో రాష్ట్రం మునుగుతోందని పేపరు రాసింది.
అప్పులో సున్నాలు లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి
ఆ కాగితంలోనే జీలకర్ర పొట్లం కట్టాను.
నాకూ కోపముంది, దాచను:
పన్ను కట్టేది నేను, పంచేది వాళ్ళు.
ఒకటో తారీకున మాత్రం ఆ కోపం కొట్టు తెరవదు.

నాన్న పుస్తకాల్లో
ధర పడ్డ ఏడు వేసవి పేజీలు తెల్లగా ఉండేవి.
తీర్చలేనివాళ్ళు ఈ వీధినే నడవడం మానేసేవారు.
నా పేజీలు ఇప్పుడు మాసిపోయి ఉన్నాయి.
అదే తేడా. పెద్దదో చిన్నదో తెలీదు.
ఎక్కడో సముద్రం అవతల పామాయిల్ పెరిగింది,
మస్తాన్‌బీ అర లీటరు పావయింది,
పింఛను మాత్రం అంతే ఉంది.

మొన్న నేను రాస్తుంటే చూసి నవ్వింది:
"మిషను కన్నా నీ పుస్తకం నయం శెట్టీ.
అది వేలు చూపించమంటది,
నువ్వు వేలు రాసుకుంటావు."

నేను రాసేది వందలే.
దిద్దబోయాను.
గాలి తిరిగింది,
ఇద్దరం తుమ్మాం.