నల్లబూటు గురించి నా మాట

ట్రంకు రోడ్డులో, గడియారాల అంగడి పక్క సందు మొగదల
మా షాపు.
ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒంటి మోకాలి మీద కూర్చుని
నెల్లూరు మగాళ్ళ పాదాలు చూస్తా ఉండా.
మొహాలు అంతగా గుర్తుండవు.
బజార్లో ఎవరన్నా "బాగుండావా రహంతూ" అంటే
ముందు కిందకి చూసి,
ఓహో, ఎనిమిదో నంబరు, ఎడమ మడమ అరిగే మనిషి,
అనుకుని అప్పుడు నవ్వుతా.

ఎవరూ అడగలేదు గానీ చెప్తా.
ఒక్క జతే కొనగలిగితే నలుపు కొను.
గోధుమరంగు బూటుకి ఆ రంగు బెల్టు కావాల,
బెల్టుకి తగ్గ వాచీ పట్టీ కావాల,
పట్టీ దాకా వచ్చేసరికి చేబదులు కావాల.
పడవ ముక్కులా ముందుకు సాగిన బూటు నాకు నచ్చదు.
వేలు లేని చోట తోలెందుకబ్బయా?
అద్దంలా మెరిసే పూత బూటూ అంతే,
పాలిష్ పని లేదని కొంటారు,
ఎండాకాలం రెండు పెళ్ళిళ్ళు తిరిగేసరికి
పెచ్చులూడిన గోడ.
మెరుపు మోచేతిలోంచి రావాల,
డబ్బాలోంచి కాదు.

ఇంక సూటు సంగతి.
రోహిణి కార్తెలో, మాగుంట లేఅవుట్‌లో, పెళ్ళికొడుక్కి
మూడు ముక్కల సూటు!
వీపు మీద చెమట పెన్నలా పారతా ఉంటే
(పెన్నలో అన్ని నీళ్ళు నేనెప్పుడో గానీ చూళ్ళేదు)
ఫొటోలాయన "గుండీ పెట్టుకో సార్" అంటాడు.
కోటుకి పోసే డబ్బు
చొక్కా భుజం సరిగ్గా కుట్టే టైలరుకి పొయ్యి,
మన ఎండకి అది చాలు.
పైగా వేదిక ఎక్కబోతుంటే
అయ్యవారు కిందకి చూసి "బూట్లు నాయనా" అంటాడు.
అయిపాయె.
నాలుగువేల ఎనిమిదొందల జత మెట్ల పక్కన,
సాక్సు చిరుగులోంచి పెళ్ళికొడుకు బొటనవేలు
ఊరందరికీ దణ్ణం పెడతా.
మనకాడ బూటు మర్యాద గడప దాకానే,
ఆ తర్వాతిదంతా సాక్సు పరువు.
అందుకే ప్రతి జతకీ సాక్సు అంటగడతా.
కమీషన్ కోసం అనుకుంటారు.
అది కూడా.

బూటు తెలిసిన మనిషిని ఒక్కణ్ణే చూశా.
బుచ్చిరెడ్డిపాళెం బ్యాండు మేళంలో క్లారినెట్టు,
పెంచలయ్య.
ఎర్రకోటు, జరీ పట్టీలు, భుజాల మీద కుచ్చులు.
కోటు మేళానిది,
ముందెవరో లావు మనిషికి కుట్టించింది.
బూట్లు మాత్రం సొంతం.
ఎప్పుడొచ్చినా సాయంత్రమే వచ్చేవాడు.
"పొద్దున పాదం అబద్ధం చెప్తాది రహంతూ,
వాచినాక కొలువు."
తాళ్ళ బూటే కావాల. తాళ్ళు లేనివి
ఊరేగింపు మూడో మలుపులో మడమని వదిలేస్తాయంట.
వేసుకుని షాపులో అటూ ఇటూ నడిచేది లేదు,
నిలబడి కుడికాలితో తాళం వేసేవాడు,
నాలుగు, మళ్ళీ నాలుగు,
చప్పుడు మొద్దుగా ఉంటే పక్కన పెట్టేవాడు.
"పాట కాదయ్యా, బూటు" అని మా ఓనరు విసుక్కునేవాడు.
పెళ్ళికొడుకు సూటు ఒక్క రాత్రిది.
ఈయనది ఏడాదికి అరవై రాత్రులు.
ఒక్క పెళ్ళిలోనూ ఆ బూట్లు
భోజనాల పంక్తి దాకా పోయింది లేదు,
పొట్లాలు వ్యాను కాడికే వచ్చేవి.

మొన్న మూఢంలో వచ్చినాడు, మేళాలు లేని నెల.
కొత్తవి వద్దంట, అడుగు మార్పించాలంట, మూడోసారి.
విప్పి చూస్తే లోపల అట్ట.
ఎవరిదో శుభలేఖ.
వినాయకుడి బొమ్మున్న సగం చించి
చొక్కా జేబులో పెట్టుకున్నాడంట,
మిగతా సగం మడమ కింద.
పేర్లు చెమటకి చెరిగిపోయినాయి.
"మా ఆతిథ్యము స్వీకరించి" వరకు
ఇంకా చదవొచ్చు.

నేనేమీ అనలేదు.
మెత్త ఒకటి కోసి వేసినా,
సాక్సు చూపించబోయి ఆగినా.
ఆయనే "నల్లవి ఒక జత ఇయ్యి" అన్నాడు,
బేరం కూడా ఆడినాడు.

నా కాళ్ళకా?
హవాయి చెప్పులే ఎప్పుడూ, ఏడో నంబరు.
కుడిది ముందు అరుగుతాది, వేళ్ళ కాడ,
ఆ మోకాలే కదా నేలకి ఆనించేది.