నాలుగు వైపులా తెలుపు

ఆదివారం పొద్దున్నే
పాలకొల్లు రైలుగేటు అవతల
మీరావలి గోనెపట్టా పరుస్తాడు.
సొట్టపోయిన మరచెంబుల పక్కన, గొంతు పోయిన రేడియో పక్కన
బిస్కెట్ల రేకుడబ్బాలో
ఒకనాడు బబుల్‌గమ్ముతో ఊరికే వచ్చిన
క్రికెట్ బొమ్మలు.

నా జేబులో నెలకి మూడొందలు.
"కిలో రొయ్యల డబ్బండీ అవి" అంటుంది సూర్యావతి.
అని, పోపులడబ్బాలోంచి తనే తీసి ఇస్తుంది.

అందరూ మూలలు చూస్తారు.
భీమవరం నుంచి కారేసుకొచ్చే చెరువుల కుర్రాడు
భూతద్దం పెట్టి మరీ మూలలు చూస్తాడు.
మూల మొన తేలి ఉంటే రెండువేలు,
బొమ్మలో బ్యాట్స్‌మన్ ఎడమ అంచుకి ఒరిగి
తలుపు సందులో ఇరుక్కున్నట్టున్నా సరే.
మడత లేదుగా, మెరుపుందిగా,
ఆయ్, కట్టెయ్.

నేను తెలుపు చూస్తాను.
బొమ్మ చుట్టూ మిగిలిన ఆ ఉత్త తెలుపు.
ముప్పయ్యొక్కేళ్లు కటింగ్ మిషను ముందు నిలబడ్డవాణ్ణి.
శుభలేఖలు, రైసుమిల్లు బిల్లుబుక్కులు, ఓట్ల కరపత్రాలు.
అయిదొందల కాగితాల కట్టలో
పైవి మాట వింటాయి,
అడుగువి జారతాయి.
శ్రావణంలో కాలవగాలికి కాగితం ఉబ్బి
పొద్దున గీసిన గీత
మధ్యాహ్నానికి అబద్ధమైపోతుంది.
ఒక ఎన్నికల ముందురాత్రి
గీత చూసుకున్నాను, వేలు చూసుకోలేదు.
కుడిచేతి చూపుడువేలు
రెండో కణుపు దగ్గరే ఆగిపోయింది.

ఆ మొండివేలితోనే కొలుస్తాను.
మూల నలిగినా పర్లేదు,
వెనక ఎవడో పిల్లాడు ఇంకుపెన్నుతో
రన్నులు కూడుకుని తప్పు చేసినా పర్లేదు,
అవన్నీ ధర దించేవి.
సమంగా ఉన్న తెల్లంచుకి మాత్రం
మీరావలి దగ్గర రేటే లేదు.
ఆ సందులోంచే నేను దూరతాను.

దూరినా ఎన్ని ఆదివారాలు ఉత్తచేతులు!
రాజోలు దాకా వెళ్లాను.
ఆచంటలో మూసేసిన కిళ్లీకొట్టు అటక దులిపి
తుమ్ములు మాత్రం తెచ్చుకున్నాను.

మొన్న దొరికింది.
డబ్బా అడుగున, ఎనభయ్యారు వరదలో తడిసి
ఒకదానికొకటి అతుక్కుపోయిన కట్ట.
చిరిగేవి చిరిగాయి.
ఒక్కటి ఊడొచ్చింది.
ఎడంచేతి స్పిన్నరు. పేరు చెరిగిపోయింది.
నడుం మీదుగా అడ్డంగా బురదచార,
మా వీధిగోడ మీద ఇంకా ఉన్నట్టే.
నడుంలోతు నీళ్లలో నిలబడి
బంతి తిప్పుతున్నాడు.

"పారేసేదేనండి అది. ఇరవై ఇవ్వండి చాలు."

పైన ఎంతో కింద అంత.
ఇటు ఎంతో అటు అంత.
వెంట్రుకవాసి తేడా లేదు.
గేటు పడింది, నరసాపురం బండి వెళ్లిపోయింది,
నేనింకా దాన్ని పట్టుకునే ఉన్నాను.

ఎవరతను?
ఏ ఊళ్లో, ఏ ప్రెస్సులో,
కట్టని రెండుసార్లు బల్లమీద తట్టి
ఊపిరి బిగబట్టి బ్లేడు దించినవాడు?
పిల్లలు నమిలి ఉమ్మేసే గమ్ముకి
ఇంత జాగ్రత్త ఎవరడిగారు?
అతనికి పది వేళ్లూ మిగిలాయా?

ఇంటికొచ్చి సూర్యావతికి చూపించాను.
"బురద" అంది.
కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది.
"అంచు మాత్రం కుదురుగా కుట్టారండీ" అంది,
కుట్టు కాదని నేను చెప్పలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఫోను. మీరావలి.
"ఇంకో డబ్బా వచ్చిందండి.
సగం చెదలు తినేసింది.
మీకైతే పనికొస్తుందేమోనని."